శుక్రవారం పొట్లాలు

మా బాపు గుండెలో కవాటం మార్చినప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ల జ్వరం ఆయన గుండెను లోలోపల దెబ్బతీసిందనీ, ఒక కవాటం గట్టిపడి సరిగా తెరుచుకోవడం లేదనీ హైదరాబాదు డాక్టర్లు చెప్పారు. దాని చోట లోహంతో చేసింది పెట్టారు. ఇంటికొచ్చాక ఫ్యాను ఆపితే చాలు, ఆయన ఛాతీలోంచి చేతిగడియారం చప్పుడు లాంటిది వినబడేది.

ఆ లోహం దగ్గర రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే బతికినన్నాళ్లూ రక్తం పల్చబడే గోలీ వేసుకోవాలి. గోలీ తక్కువైతే గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఎక్కువైతే లోపలెక్కడో నెత్తురు కారుతుంది. రెండు వారాలకోసారి నిజామాబాద్ పోయి, రక్తం ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో పరీక్ష చేయించుకుని, ఆ అంకెను బట్టి గోలీ పెంచడమో తగ్గించడమో చేయాలి.

దవాఖాన నుంచి పంపించే రోజు పెద్ద డాక్టరు అడిగాడు, "ఈ మందు ఇంట్లో ఎవరు చూసుకుంటారు? ఒక్కరే చూసుకోవాలి. రెండు చేతులు పడితే ఇది మందు కాదు, విషం."

మంచం పక్కన మా అమ్మ నిలబడి ఉంది. తలుపు బయట వరండాలో, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని మోర్తాడ్ ఆమె కూర్చుని ఉంది. బాపు అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి నా వైపు చెయ్యి చూపించాడు.

"నా బిడ్డ సూస్కుంటది సార్. సదువుకుంటున్నది."

మోర్తాడ్ ఆమె గురించి చెప్పాలి. బాపుకు ఆర్మూర్‌లో పసుపు కమీషన్ దుకాణం ఉండేది. చుట్టుపక్కల రైతులు తెచ్చిన పసుపును అమ్మిపెట్టడం ఆయన పని. నాకు పదకొండేళ్లప్పుడు, మోర్తాడ్‌లో బీడీలు చుట్టుకుని బతికే ఒక విధవరాలి ఇంట్లో ఆయన ఉంటున్నాడని తెలిసింది. కొన్నాళ్లు దాచాడు, తర్వాత దాచడం కూడా మానేశాడు. సోమవారం నుంచి గురువారం దాకా మా ఇల్లు, శుక్రవారం పొద్దున్నే బస్సెక్కితే ఆదివారం దాకా ఆ ఇల్లు. అమ్మ ఏడవలేదు, పుట్టింటికి పోలేదు. ఆయనకు వేళకు అన్నం పెట్టింది, అడిగిన దానికి జవాబు చెప్పింది, అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాత్రం ఆ ఇద్దరి మీదా కక్ష పెట్టుకున్నాను. నాకు ఏమీ చేతకాదు కాబట్టి ఆ కక్ష ఐదారేళ్లు నాలోనే ఉండిపోయింది. అలాంటి నా చేతికి ఆయన మందుల నోటుబుక్కు ఇచ్చారు.

అమ్మ మొదటి రోజే చెప్పింది, "గా బుక్కు గీ ఇంట్లకెల్లి కదలద్దు. మనిషి ఏడన్న ఉండని, ఆయన పానం మన చేతుల ఉండాలె."

అందుకని మోర్తాడ్‌లో ఉండే మూడు దినాలకు గోలీలు నేను పొట్లాలు కట్టి ఇచ్చేదాన్ని. పాత పేపరు చింపి, గోలీని బ్లేడుతో సగానికి, కొన్నిసార్లు పావుకు కోసి, శుక్ర, శని, ఆది అని పైన రాసేదాన్ని. శుక్రవారం పొద్దున బాపు సంచి భుజానికి తగిలించుకుని నా అర్ర గుమ్మం దగ్గరికి వచ్చేవాడు. పొట్లాలు రాత్రే తయారుగా ఉండేవి. అయినా ఇచ్చేదాన్ని కాదు. పుస్తకంలో ఒక పేజీ చదివి, ఇంకో పేజీ తిప్పి, అప్పుడు లేచేదాన్ని. బజారులో నలుగురూ లేచి నమస్తే పెట్టే మనిషి నా గుమ్మం దగ్గర బస్సు పోతుందేమోనని కాళ్లు మార్చుకుంటూ నిలబడేవాడు. వారంలో నాకు అంతకు మించిన సుఖం ఇంకొకటి లేదు.

ఆరు నెలలైనా అంకె కుదురుకోలేదు. మామూలు మనిషి రక్తం పదమూడు సెకన్లలో గడ్డకడితే బాపుకు ఇరవయ్యారు దాకా రావాలి. ఒకసారి పదిహేడు వచ్చేది. డాక్టరు గోలీ పెంచితే మళ్లీసారి ముప్పై ఎనిమిది. కారణం నాకు తెలుసు. ఆకుకూరలు ఈ మందును చెడగొడతాయని మా అమ్మ ఇంట్లో ఆకు అన్నది వండడం మానేసింది. బాపుకు పుంటికూర, అంటే గోంగూర, ప్రాణం. మోర్తాడ్ నుంచి వచ్చిన సోమవారం ఆయన చొక్కా ఉతుకుతుంటే పుంటికూర వాసన వచ్చేది.

నిజామాబాద్‌లో ఆయనను చూసే డాక్టరు ఒకరోజు కాగితం బల్ల మీద పెట్టి, "ఏం తింటున్నారండీ మీరు? ఆకుకూరలు తింటున్నారా?" అని అడిగాడు.

"లేద్సార్. మా ఇంట్ల ఆకుకూరనే వండరు."

"ఏ ఇంట్ల బాపు?" అన్నాను నేను.

ఆ గదిలో తలుపు దగ్గర ఇంకో నలుగురు రోగులు ఉన్నారు. వాళ్లలో ఇద్దరు వేల్పూర్ రైతులు, బాపు దుకాణానికి పసుపు తెచ్చేవాళ్లు. వాళ్లను చూసే నేను గొంతు పెంచాను. "సార్, మా బాపుకు రెండిండ్లు. వారంల మూడు దినాలు మోర్తాడ్‌ల తింటడు. గాడ ఏం తింటడో మాకు తెల్వది."

బాపు మెడ దాకా ఎర్రబడ్డాడు. రైతులు నేల చూశారు. ఆ మాటను నేను బస్సులో వస్తున్నంతసేపూ లోపల చెప్పుకుంటూ వచ్చాను. చెప్పేశాక ఒళ్లంతా తేలికైంది.

డాక్టరుకు మాత్రం ఏమీ వింతగా అనిపించలేదు. కలం మూత తీస్తూ, "అయితే ఆ ఇంటావిడకు జాగ్రత్తలు ఎవరు చెప్పారు?" అని అడిగాడు.

బాపు మడిచిన చొక్కా చేతిని కిందికి లాక్కున్నాడు.

"మూడు రోజులు వండిపెట్టే మనిషికి తెలియకపోతే నేనేం రాసినా దండగ. నువ్వు పోయి చెప్పమ్మా." ఒక కాగితం మీద ఐదు వరుసలు రాసి నాకిచ్చాడు. ఆకుకూరలు వద్దు. గోలీ మరిచిపోతే మర్నాడు రెండు వేయొద్దు. చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ నెత్తురు వస్తే వెంటనే తీసుకురావాలి. మలం నల్లగా పోతే చెప్పాలి. ఐదోది, నొప్పులకు వేరే గోలీలు, సూదులు ఎంతమాత్రం వద్దు.

అమ్మ పోవద్దంటుందనుకున్నాను. అనలేదు. "పో. గా కొంప ఎట్లుందో సూసి నాకు చెప్పు," అంది.

మోర్తాడ్‌లో ఆమెది రెండు గదుల పెంకుటిల్లు. ఇల్లంతా తునికాకు వాసన. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేచి, స్టూలు కొంగుతో తుడిచింది. నేను కూర్చోలేదు. కాగితం చూస్తూ ఒక్కొక్కటే చెప్పాను. ఆమెకు చదువు రాదు. "జర మల్ల చెప్పు బిడ్డా," అని ప్రతిదీ రెండుసార్లు చెప్పించుకుని, తనూ ఒకసారి పైకి చెప్పుకుని, గుర్తు కోసం చాట అంచున ఒక బీడీ పక్కన పెట్టేది. నాలుగు బీడీలు అయ్యాయి.

"నోరెండుతున్నది నీకు. ఆగు, నీళ్లిస్త," అని లేచింది.

గోడ పక్కన ఇత్తడి బిందె. దాని మెడ మీద చుక్కలతో పొడిపించిన పేరు మా అమ్మది. ఆ బిందె రెండేళ్ల కింద మా ఇంట్లోంచి పోయింది. అంట్లు తోమే ఆమె దొంగిలించిందని మా అమ్మ ఆమెను పనిలోంచి తీసేసింది. ఆమె మా వాకిట్లో మన్ను తీసుకుని ఒట్టు పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు బాపు అక్కడే, అరుగు మీద కూర్చుని, పేపరు చదువుతున్నాడు.

మోర్తాడ్ ఆమె గ్లాసు తెచ్చి చాపింది. నేను తీసుకోలేదు.

"ఇంకేమన్న ఉన్నదా బిడ్డా?"

కాగితం నా చేతిలోనే ఉంది.

"లేదు," అన్నాను.

ఆమె చాట వైపు చూసింది, నా చేతి వైపు చూసింది. "ఏం లేదు గద?"

"ఇంతే," అని కాగితం మడిచి బయటికి వచ్చేశాను. మరిచిపోలేదు నేను, తొందరలో తప్పిపోలేదు. ఐదో వరుస చదివి, చెప్పొద్దని అనుకుని, చెప్పలేదు. ఏం జరగాలని అనుకున్నానో ఇప్పటికీ నాకు నేనే సరిగా చెప్పుకోలేను. ఆ ఇంట్లో ఏదో ఒకటి చెడాలి, ఆమె చేతుల మీద చెడాలి, అంతే.

ఆ ఏడాది పసుపు సీజన్‌లో దుకాణం ముందు హమాలీ భుజం మీది నుంచి బస్తా జారి బాపు నడుముకు తగిలింది. మా దగ్గర పంటి బిగువున ఓర్చుకున్నాడు. శుక్రవారం పొట్లాలు తీసుకుని కుంటుకుంటూనే బస్సెక్కాడు. నొప్పి మందులు కూడదని డాక్టరు ఆయన ముందే ఎన్నోసార్లు చెప్పాడు. కానీ ఆయన తన ఒంటి సంగతి తాను గుర్తుపెట్టుకునే మనిషి కాదు. అది ఇంట్లో ఆడవాళ్ల పని అనుకునేవాడు, ఏ ఇంట్లోనైనా.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి ముందు జీపు ఆగింది. వెనక సీటులో బాపు పడుకుని ఉన్నాడు. ముక్కులో దూది, దూది నిండా నెత్తురు. పిరుదు నుంచి మోకాలి దాకా కాలు వాచి, వంకాయ రంగుకు తిరిగింది. మోర్తాడ్ ఆమె దిగింది. మా గడప దగ్గరికి ఆమె రావడం అదే మొదటిసారి.

"అక్కా, నడుం పట్టిందని ఒకటే మొత్తుకున్నడు. మా ఊరి డాక్టరుతోని రెండు సూదులు ఏయించిన. నొప్పి గోలీలు గూడ ఇచ్చిండు. పొద్దుగాలకెల్లి నెత్తురు ఆగుతలేదు..."

"సూదులా?" అంది అమ్మ. "సూదులు వద్దని నీకు చెప్పలేదా?" ఆమెను అడుగుతూనే నా వైపు తిరిగింది.

మోర్తాడ్ ఆమె నన్ను చూసింది. చాలాసేపు చూసిందని నాకు జ్ఞాపకం, కానీ రెండు క్షణాలే అయి ఉంటుంది.

"చెప్పింది అక్కా. పాపం, అన్ని చెప్పింది. నేనే మర్సిపోయిన."

జీపులో నిజామాబాద్ పోయాం. మందుకు విరుగుడు సూది వేశారు, రెండు సీసాల రక్తం ఎక్కించారు. మూడో రోజుకు బాపు కళ్లు తెరిచి మాట్లాడాడు. కుడికాలు మాత్రం ఆ తర్వాత ఎన్నడూ సరిగా పడలేదు.

ఆమె నన్ను కాపాడిందని నాకు ఆ క్షణమే తెలుసు. కృతజ్ఞత కలగాల్సింది, కలగలేదు. అంతకు ముందు ఆమె మీద ఉన్న కోపానికి వంద రెట్లు కోపం వచ్చింది. నా తప్పును నా చేతిలోంచి లాక్కుని తన కొంగున కట్టుకున్నట్టు అనిపించింది.

అమ్మకు ఏళ్లుగా దొరకనిది ఆ రోజు దొరికింది. "సంపుతుండె ఆమె నిన్ను. ఇగ గా ఊరు పేరెత్తితే నా పీనుగ మీదికెల్లి పో," అని బాపుకు చెప్పింది. బంధువులందరూ అమ్మ వైపు నిలిచారు. బాపు మోర్తాడ్ పోవడం ఆగిపోయింది. ఆమె మరిచిపోయిందన్న మాట ఆర్మూర్‌లో అందరికీ తెలిసింది. నేను ఒక్క మాట చెబితే ఆ నింద పోయేది. నోరు విప్పలేదు. పొట్లాలు కట్టే పని తప్పింది, అంకె ఇరవయ్యారు దగ్గర నిలబడింది, డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు.

పరీక్ష ఎప్పుడూ బుధవారమే. ఆ సంగతి ఆమెకు తెలుసు. రెండు వారాలకోసారి ఆమె మోర్తాడ్ నుంచి నిజామాబాద్ వచ్చి, ల్యాబు బయట బల్ల మీద ఆ చివర కూర్చునేది. బాపు ఈ చివర. మధ్యలో నేను. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. రిపోర్టు రాగానే ఆమె నన్ను అడిగేది, "ఎంత వచ్చింది బిడ్డా?" నేను వినబడనట్టు కాగితం మడిచి నోటుబుక్కులో పెట్టుకునేదాన్ని. ఏడెనిమిది నెలలు అట్లాగే గడిచాయి.

ఇంతలో బాపు కనిపించిన ప్రతి మనిషికీ నా గురించి చెప్పడం మొదలుపెట్టాడు. "నా బిడ్డనే నన్ను కాపాడింది. బుక్కు రాసి, గోలీలు కోసి, దినాం సూసుకుంటది. గామె చేతులవడితే పోతుంటి." ఆ మాట వింటుంటే నాకు ఒంటి మీద తేళ్లు పాకినట్టుండేది. తప్పు చేశానన్న బాధ అనుకుంటారేమో. కొంత అదీ ఉంది. కానీ నిజం చెప్పాలంటే, కొట్టింది నేను, ఆయన మాత్రం ఎవరో కొట్టారనుకుంటున్నాడు. నేను ఎంత కోపంగా ఉన్నానో ఆయనకు ఇంకా తెలియదు. అది నేను భరించలేకపోయాను.

ఒక బుధవారం నిజామాబాద్ నుంచి తిరిగి వస్తుంటే, మెట్‌పల్లి పోయే బస్సులో, ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను చెప్పేశాను.

"బాపు, గామె మర్సిపోలే. సూదుల ముచ్చట నేనే చెప్పలే. కావాల్ననే చెప్పలే."

ఆయన కిటికీ బయటికి చూస్తూనే ఉన్నాడు. ఇటు తిరగకుండానే అడిగాడు, "ఎందుకు బిడ్డా?"

"గాడ అమ్మ బిందె సూసిన."

ఆయన కుడికాలిని చేత్తో పట్టి జరుపుకున్నాడు. "గంత కోపమున్నదా నా మీద?" అన్నాడు.

"ఉన్నది."

"ఉండాలె," అన్నాడు.

ఆర్మూర్ వచ్చింది. నేను లేచాను. ఆయన లేవలేదు. ఆ బస్సు మోర్తాడ్ మీదుగా పోతుంది.

"నువ్వు దిగు బిడ్డా. నేను ముంగటికి పోత."

"అమ్మకేం చెప్పాలె?"

"నాకు చెప్పిందే చెప్పు."

దిగాను. బస్సు కదులుతుంటే చేతిలో నోటుబుక్కు ఉందని గుర్తొచ్చింది. పరుగెత్తి కిటికీలోంచి అందించాను. ఆ రోజు అంకె ఇరవై ఐదు. దాని కింద రెండు వారాల గోలీలు ఏ రోజు ఎంతో రాసి ఉంది.

అమ్మకు ఇంటికెళ్లి చెప్పాను. బిందె సంగతి కూడా చెప్పాను. ఆమె నన్ను కొట్టలేదు. "ఆయనకెందుకు చెప్పినవే?" అని మాత్రం అడిగింది. చేసినందుకు కాదు, చెప్పినందుకు. నెల రోజులు నాతో మాట్లాడలేదు. బాపు రోజూ మోర్తాడ్ నుంచి బస్సులో దుకాణానికి వచ్చి, పొద్దుగూకే ముందు అదే బస్సులో పోయేవాడు. మా వీధిలోకి రాలేదు. వారంలో నాలుగు దినాలు మావిగా ఉండేవి, అవీ పోయాయి.

డిగ్రీ చదవమని అమ్మ అంది. నేను ల్యాబు టెక్నీషియన్ కోర్సులో చేరాను. అది నాకు చదువు మీద ఇష్టం అని అందరూ అనుకున్నారు. నిజామాబాద్‌లో బాపు రక్తం పరీక్ష చేసే ఆ ల్యాబులోనే, తొంభైల మొదట్లో, ఉద్యోగం అడిగి మరీ తెచ్చుకున్నాను. ఆయన ఇంటికి రాడు. కానీ రెండు వారాలకోసారి చొక్కా చేయి పైకి మడిచి నా ముందు కూర్చోక తప్పదు.

కూర్చున్నాడు, ఆరేళ్లు. మొదటి రోజు నా సూది నరం తప్పింది, రెండోసారి గుచ్చాల్సి వచ్చింది. ఆయన కదలలేదు. మోర్తాడ్ ఆమె పక్కన నిలబడి నోటుబుక్కు పట్టుకునేది. చదువు రాకపోయినా దాంట్లో గుర్తులు పెట్టడం నేర్చుకుంది. గోలీ నిండుగా వేస్తే గుండ్రం, సగమైతే సగం గుండ్రం. ఆరేళ్లలో ఒక్క రోజు ఖాళీ లేదు. నేను రాసినప్పటి కంటే ఆమె చేతిలో అంకె నిలకడగా ఉంది. అది చూసినప్పుడల్లా నాకు లోపల మండేది. రిపోర్టులో ఏదైనా తప్పు దొరికితే బాగుండునని వెతికేదాన్ని. దొరకలేదు.

బాపు తొంభై ఏడు ప్రాంతంలో పోయాడు, మోర్తాడ్‌లో. మందు వల్ల కాదు, గుండె అలసిపోయిందన్నారు. అమ్మ పట్టుబట్టి శవాన్ని ఆర్మూర్ తెప్పించింది. మోర్తాడ్ ఆమె మా వాకిలి బయట రోడ్డు మీద నిలబడి ఉంటే లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

మరుసటి ఏడాది ఆమె ఒక్కతే ల్యాబుకు వచ్చింది, తన షుగర్ పరీక్షకు. నేనే రక్తం తీశాను. దూది అదిమిపెడుతూ, వేరే ఎవరూ లేరని చూసి, చెప్పాను.

"గప్పుడు నేను కావాల్ననే చెప్పలే."

"ఎరికే బిడ్డా," అంది. "మీ బాపు చెప్పకముందే ఎరుక. నీ కాయిదంల ఐదు వరుసలున్నయి. నాకు సదువు రాదు గని లెక్క వస్తది. నువ్వు నాలుగే చెప్పినవు. రెండు సార్లు అడిగితి గద?"

"మరి అమ్మ అడిగినప్పుడు నీ మీద ఎందుకు ఏసుకున్నవు?"

ఆమె దూది ఎత్తి నెత్తురు ఆగిందో లేదో చూసుకుంది. "నీ పేరు చెప్తే మీ బాపు నాలుగు దినాలు కోపం జేస్తుండె. ఐదో దినం మర్సిపోతుండె, బిడ్డవి గద. నువ్వు గూడ మర్సిపోతుంటివి. నేను మీదేసుకుంటే నీకు బతికినన్ని దినాలు యాదికుంటదనుకున్న."

గొంతులో కోపం లేదు, ప్రేమా లేదు. ఇన్నేళ్లూ అది దయ అనుకుని ఆమెను ద్వేషించాను. అది దయ కాదు, కక్ష. నేను అర్థం చేసుకోగలిగిన మాట ఆమె నాతో చెప్పడం అదే మొదటిసారి.

"రిపోర్టుకు రేపు రావాల్నా?" అని అడిగింది.

"నాలుగు గంటలకు ఇస్త. గీడనే కూసో," అన్నాను. ఆమె బల్ల మీద కూర్చుంది. నేను లోపలికి పోయి సీసా మీద ఆమె పేరు రాశాను. ఆ పేరు నేను రాయడం కూడా అదే మొదలు.